డ్రాగ్ షోల కోసం ఒక వారాంతం: షికాగోనా, న్యూ ఆర్లియన్సా, శాన్ ఫ్రాన్సిస్కోనా?

మూడుసంచులు (ప్రశ్న)

సెప్టెంబర్ చివరలో ఒక శుక్రవారం మధ్యాహ్నం బయలుదేరి ఆదివారం రాత్రికి తిరిగి చేరేలా, డ్రాగ్ షోలు (ఎక్కువగా మగవాళ్లు ఆడవేషంలో ఆడిపాడే ప్రదర్శనలు) చూడడమే పనిగా ఒక చిన్న ప్రయాణం పెట్టుకున్నాము. ఎక్కడికి వెళ్లాలన్న దగ్గరే రెండు వారాలుగా ఆగిపోయాము. షికాగో, న్యూ ఆర్లియన్స్, శాన్ ఫ్రాన్సిస్కో అనే మూడు ఊళ్లు వడపోతలో మిగిలాయి. మేముండే చోటి నుంచి మూడింటికీ విమానంలో పట్టే సమయం ఇంచుమించు ఒకటే కాబట్టి ఆ లెక్క వల్ల తేలేదేమీ లేదు.

వెళ్లేది నలుగురం. నేను ఇంతకు ముందు రెండు మూడు షోలు చూశాను. ఒక స్నేహితురాలికి టీవీలో వచ్చే డ్రాగ్ పోటీలు కంఠతా వచ్చు గాని, ఎదురుగా కూర్చుని ఒక్క షో కూడా చూడలేదు. ఇంకొకావిడకు ఈ మధ్యే మోకాలికి ఆపరేషన్ అయింది. మెల్లగా నడవగలదు గాని గంటల తరబడి నిలబడలేదు. నాలుగో మనిషి మా పిన్ని కూతురు, దానికి 20 ఏళ్లు. అసలీ ఆలోచన మొదట దానిదే కాబట్టి దాన్ని వదిలేసి వెళ్లే ప్రసక్తి లేదు.

రెండు రాత్రులు, ఒకటిన్నర పగళ్లు మాత్రమే చేతిలో ఉన్నప్పుడు, ఊరంతా తిరగకుండా, ఒకదానితో ఒకటి పోలిక లేని మూడు షోలు చూడగలిగే ఊరు వీటిలో ఏది? అన్నీ బాగుంటాయన్న జవాబు మాత్రం దయచేసి ఇవ్వకండి. ఆ మాట మేము నలుగురం ఒకరికొకరం చెప్పుకుంటూనే ఇక్కడిదాకా వచ్చాము.

చివరివరుస

మీ ప్రశ్నలో ఊళ్ల పేర్లు మూడున్నాయి గాని ఎలాంటి షో కావాలన్నది లేదు. ముందు అది తేల్చుకుంటే ఊరు దానంతటదే తేలుతుంది. డ్రాగ్ షో అన్న ఒక్క మాట కింద కనీసం నాలుగు వేర్వేరు వ్యవహారాలు నడుస్తాయి. బారులో జరిగేది ఒకటి: జానెడు ఎత్తు చెక్క వేదిక, మైకు పట్టుకున్న ఒక హోస్టు, పాటకొకరుగా వచ్చి లిప్ సింక్ చేసి, అంటే రికార్డు పాటకు పెదవులు కలిపి, వెళ్లే ముగ్గురు నలుగురు క్వీన్లు (డ్రాగ్ వేషం కట్టేవాళ్లు), పది గంటలకని రాసి పదకొండుకు మొదలుపెడతారు, చూసేవాళ్లు చాలావరకు నిలబడే చూస్తారు. సొంత బృందం ఉన్న కాబరే రెండోది: అక్కడ బల్ల, కుర్చీ, ముందుగా రిజర్వేషను ఉంటాయి, ఏళ్ల తరబడి అదే వేదిక మీద పనిచేస్తున్నవాళ్లు ఉంటారు. మూడోది టికెట్ కొని నాటకశాలలో చూసేది; ఒక మనిషి గంటన్నర పాటు హాస్యమో, సొంత గొంతుతో పాటలో నడిపిస్తారు. నాలుగోది పగటిపూట బ్రంచ్, అది తిండీ షో కలిసిన సందడి.

మోకాలి ఆపరేషన్ అయిన మనిషి మీతో ఉన్నారు కనుక రెండో రకం ఒక్కటైనా మీకు తప్పనిసరి, ఆ రకానికి నా ఓటు షికాగోకే. అక్కడి బటాన్ షో లౌంజ్ 1969లో నగరం నడిబొడ్డున క్లార్క్ వీధిలో మొదలై, సరిగ్గా యాభై ఏళ్ల తర్వాత 2019లో ఉత్తరాన ఉన్న అప్‌టౌన్‌కు, బ్రాడ్‌వే వీధి మీదికి మారింది. దాన్ని స్థాపించిన జిమ్ ఫ్లింటే 1980లో మిస్ కాంటినెంటల్ అనే డ్రాగ్ అందాల పోటీని కూడా మొదలుపెట్టారు. స్త్రీగా మారడానికి హార్మోన్లు తీసుకున్నవాళ్లను, శస్త్రచికిత్స చేయించుకున్నవాళ్లను రానివ్వని పోటీలు ఉన్న రోజుల్లో ఈ పోటీ వాళ్లకు చోటిచ్చింది; ఆ ప్రభావం బటాన్ వేదిక మీద ఈ రోజుకీ కనిపిస్తుంది. టీవీలో డ్రాగ్ చూసి వచ్చినవాళ్లు పిల్లిమొగ్గలూ, వెనక్కి విరుచుకుపడే డ్రాపులూ ఎదురుచూస్తారు. ఇక్కడి పద్ధతి వేరు: నేలదాకా జారే పూసల గౌను, తొణకని నడక, పాట పాడినవారు ఎక్కడ ఊపిరి తీసుకున్నారో అక్కడే ఊపిరి తీసుకునే లిప్ సింక్. మీ టీవీ స్నేహితురాలికి మొదటి పాటకు కొంచెం నిదానంగా అనిపించవచ్చు, మూడో పాటకు మాట్లాడడం మానేస్తుంది.

రెండో కారణం రైలు. హాల్‌స్టెడ్ వీధి ఉత్తరభాగంలో, ఇప్పుడు నార్త్‌హాల్‌స్టెడ్ అంటున్న పేటలో, బారులన్నీ ఒకే దారి మీద వరుసగా ఉంటాయి. 1998లో నిలబెట్టిన ఇంద్రధనుస్సు స్తంభాలు ఆ పొడవునా కనిపిస్తాయి కాబట్టి దారి తప్పే పని లేదు. అక్కడికి దగ్గరి స్టేషన్లు బెల్మాంట్, ఆడిసన్. బటాన్‌కు దగ్గరిది లారెన్స్. మూడూ ఒకే రెడ్ లైన్ మీద ఉన్నాయి, ఆ రైలు రాత్రంతా నడుస్తుంది. బెల్మాంట్ పరిసరాల్లో గది తీసుకుంటే బారు షోకు నడిచి, కాబరేకు రైల్లో, మర్నాడు బ్రంచ్‌కు మళ్లీ నడిచి వెళ్లవచ్చు.

ఇంకొక మాట. లేబర్ డే (సెప్టెంబర్ మొదటి సోమవారం) వారాంతంలో షికాగోలో మిస్ కాంటినెంటల్ జరుగుతుంది, అప్పుడు గదులు దొరకవు. మీరు వెళ్లేది సెప్టెంబర్ చివరలో కాబట్టి ఆ బాధ లేదు.

వానచినుకు

చివరివరుస గారి విభజన బాగుంది గాని అందులో ఐదో రకం తప్పిపోయింది. షో వేదిక మీద ఉండదు, వీధిలో ఉంటుంది. దాన్నే న్యూ ఆర్లియన్స్ అంటారు.

ఫ్రెంచ్ క్వార్టర్ అనే పాత పేటలో బోర్బన్ వీధి, సెయింట్ ఆన్ వీధి కలిసే మూలలో ఆజ్, బోర్బన్ పబ్ అనే రెండు బారులు ఎదురెదురుగా ఉన్నాయి. ఒకదానిలో నచ్చకపోతే రోడ్డు దాటితే సరిపోతుంది. చేతిలో ఉన్న పానీయాన్ని ప్లాస్టిక్ గ్లాసులో పోయించుకుని వీధిలోకి తెచ్చుకోవడం అక్కడ నేరం కాదు కనుక బారుకూ వీధికీ మధ్య గడప లేనట్టే ఉంటుంది. షో ముగించుకున్న క్వీన్ విగ్గుతోనే బయటికొచ్చి, బాల్కనీ మీద ఉన్నవాళ్లతో మాటకు మాట అంటూ నిలబడి ఉండడం నేను చూశాను. ఆ మాటకారితనం ఆ ఊరి గుణం. బియాంకా డెల్ రియో పేరు మీ టీవీ స్నేహితురాలికి తెలిసే ఉంటుంది. 2014లో టీవీ డ్రాగ్ పోటీ గెలవడానికి ముందు, కత్రీనా తుఫాను తర్వాత న్యూయార్క్ వెళ్లిపోవడానికి ముందు, ఆ నాలుకకు పదును పెట్టుకున్నది న్యూ ఆర్లియన్స్ బారుల్లోనే.

క్వార్టర్ దాటి సెయింట్ క్లాడ్ అవెన్యూకు వెళ్తే ఆల్‌వేస్ లౌంజ్ ఉంది, అక్కడ డ్రాగ్, బర్లెస్క్ (కొంటెగా దుస్తులు విప్పుతూ చేసే నాట్యం) కలగలిసి చిన్న నాటకశాల పద్ధతిలో నడుస్తాయి. బైవాటర్ పేటలోని కంట్రీ క్లబ్‌లో వారాంతపు డ్రాగ్ బ్రంచ్ ఉంటుంది. పేరు చూసి గోల్ఫ్ మైదానమనుకోకండి, పాత ఇల్లు. అంటే మీరడిగిన మూడు రకాలూ ఇక్కడ దొరుకుతాయి, ఏవీ ఒకదానికొకటి ఎక్కువ దూరం కాదు.

నష్టాలు కూడా నేనే చెబుతాను. సదరన్ డెకడెన్స్ అనే పండగ 1972లో కొందరు స్నేహితుల విందుగా మొదలై ఇప్పుడు లేబర్ డే వారాంతంలో క్వార్టర్ మొత్తాన్ని నింపేస్తుంది. షోలు ఎక్కువ ఉంటాయన్న ఆశతో నేను ఆ వారాంతానికే వెళ్లాను. ఒక బారు బయట రెండు గంటలు వరుసలో నిలబడి, లోపలికి వెళ్లాక ఆరడుగుల మనుషుల వెనక ఇరుక్కుని, ఆ రాత్రి మొత్తం మీద నేను చూసిన డ్రాగ్ విగ్గుల పైభాగాలే. పాట మారినప్పుడల్లా విగ్గు రంగు మారేది, దాన్ని బట్టి మనిషి మారిందని అనుకున్నాను. పండగ రోజుల్లో పండగ చూడవచ్చు గాని షో చూడలేము. మీ తేదీలు ఆ తర్వాత కాబట్టి మంచిదే. అయితే తుఫానుల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా అని గుర్తుంచుకుని, రద్దు చేసుకోగలిగే టికెట్లే తీసుకోండి. క్వార్టర్‌లో కాలిబాటలు చెట్ల వేళ్లకు లేచి, అక్కడక్కడ కుంగి, రాత్రిపూట మంచి మోకాళ్లకే పరీక్ష పెడతాయి. ఆపరేషన్ అయిన మోకాలి సంగతి మీరే ఆలోచించుకోండి.

సరిహద్దురేఖ

పైన ఇద్దరూ ఊళ్ల గురించి చక్కగా రాశారు గాని, మీ చెల్లెలికి 20 ఏళ్లన్న వాక్యాన్ని ఇద్దరూ దాటేశారు. మొత్తం ప్రయాణాన్ని తేల్చేది ఆ ఒక్క వాక్యమే.

అమెరికాలో ఎక్కడికి వెళ్లినా మద్యం కొనడానికి 21 నిండాలి. 1984 నాటి కేంద్ర చట్టం ఒత్తిడితో రాష్ట్రాలన్నీ ఆ వయసుకే వచ్చాయి. నేను తాగను, షో మాత్రమే చూస్తానంటే చాలా బారుల్లో ఆ మాట చెల్లదు, గడప దగ్గరే ఆపేస్తారు. నాలుగు టికెట్లు కొని, మూడు గంటలు ప్రయాణం చేసి, ఆ అమ్మాయి బయట మెట్ల మీద కూర్చుంటే మిగతా ముగ్గురూ లోపల ఏం చూస్తారు? బ్రంచ్‌లు హోటళ్లలో జరుగుతాయి కాబట్టి కొన్నిచోట్ల తక్కువ వయసువాళ్లను రానిస్తారు. నాటకశాలల్లోనూ వీలుండవచ్చు. అయినా వెళ్లాలనుకున్న ప్రతి చోటికీ విడిగా రాసి, వయసు నియమం ఏమిటో లిఖితపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. వెబ్‌సైటులో ఉన్న నియమమూ, తలుపు దగ్గర నిలబడిన మనిషి నియమమూ ఎప్పుడూ ఒకటే అయి ఉండవు.

మీ జాబితాలో లేని ఊరొకటి చెబుతాను: మాంట్రియల్. క్యూబెక్‌లో ఆ వయసు 18 కాబట్టి మీ చెల్లెలు అందరిలాగే దర్జాగా లోపలికి వస్తుంది. సెయింట్ కాథరిన్ వీధి తూర్పుభాగంలో విలేజ్ అనే పేట ఉంది. మాడో లామోట్ అనే క్వీన్ 2002లో అక్కడ తన పేరుతోనే కాబరే మాడో ప్రారంభించారు. బల్లలు వేసి ఉంటాయి, కూర్చుని చూడవచ్చు. ఇబ్బంది భాషతో వస్తుంది. హోస్టు చెప్పే హాస్యమంతా క్యూబెక్ ఫ్రెంచిలో నడుస్తుంది, పక్కవాళ్లు పగలబడి నవ్వుతున్నప్పుడు మీరు మర్యాదకు నవ్వాల్సి వస్తుంది. పాటలు మొదలైతే మాత్రం భాష అడ్డు రాదు, లిప్ సింక్ అన్నది సగం ముఖంతోనూ సగం భుజాలతోనూ అర్థమవుతుంది.

చిన్న విషయం ఒకటి, అక్కడికెళ్లే వరకు ఎవరికీ తట్టదు. కెనడాలో ఒక డాలరు, రెండు డాలర్లు నాణేలే, నోట్లు కావు. ఒక డాలరు నోట్లు పట్టుకుని వేదిక దగ్గరికి చేయి చాపే అమెరికా అలవాటు అక్కడ నడవదు. నాణేన్ని క్వీన్ మీదికి విసరకూడదు, కనుక అయిదు డాలర్ల నోట్లు సిద్ధం చేసుకోవాలి. సరిహద్దు దాటడానికి మీ నలుగురికీ ఏ కాగితాలు కావాలో అన్నిటికంటే ముందు చూసుకోవాలి.

పాతటికెట్లు

శాన్ ఫ్రాన్సిస్కో తరఫున ఎవరూ మాట్లాడలేదు కాబట్టి ఆ ఊరంటే ప్రాణమైన నేను మాట్లాడతాను. మాట్లాడి, ఈసారికి వద్దనే చెబుతాను.

చరిత్ర కావాలంటే ఈ ఊరిని మించింది లేదు. ఫినోకియోస్ అనే క్లబ్బు 1936 నుంచి 1999 దాకా ఇక్కడి బ్రాడ్‌వే వీధిలో నడిచింది. పర్యాటకుల బస్సులు నేరుగా దాని ముందే ఆగేవి. మాంట్‌గోమరీ వీధిలోని బ్లాక్ క్యాట్ బారులో హోసే సర్రియా ఒపేరాలను డ్రాగ్‌లో వెక్కిరిస్తూ పాడి, ఆ పాటల మధ్యలోనే పోలీసుల వేధింపుల గురించి జనానికి ధైర్యం చెప్పి, 1961లో నగర పాలకమండలికి పోటీ చేశారు. తాను గే అని దాచుకోకుండా అమెరికాలో ఒక ప్రభుత్వ పదవికి పోటీ చేసిన మొదటి మనిషి ఆయనే. 1965లో ఆయన మొదలుపెట్టిన ఇంపీరియల్ కోర్టు అనే డ్రాగ్ సంస్థ ఇప్పటికీ అనేక ఊళ్లలో విరాళాలు సేకరిస్తోంది. 2023లో ఈ నగరం ఆస్థానకవిని నియమించుకున్నట్టుగా డ్రాగ్‌కు కూడా ఒక ఆస్థాన పదవి పెట్టి, డార్సీ డ్రోలింజర్‌ను అందులో కూర్చోబెట్టింది.

ఇంత చరిత్రా ఉన్నచోట శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి ఏం చూడాలన్నది మాత్రం తేలిక ప్రశ్న కాదు. షోలు కాస్ట్రో పేటలో కొన్ని, సోమా పేటలో కొన్ని, టెండర్‌లాయిన్‌లో కొన్నిగా చెదిరి ఉంటాయి. వాటిలో మంచివి చాలావరకు ప్రతి రాత్రీ ఉండవు, నెలలో ఫలానా వారం ఫలానా రోజున ఒక పార్టీగా జరుగుతాయి. స్థానికులకు అది హాయి, రెండు రాత్రుల కోసం వచ్చినవాళ్లకు లాటరీ. టర్క్ వీధిలోని ఆంట్ చార్లీస్ లౌంజ్ అంటే నాకు ఇష్టం. పెద్ద గదంత ఉండే బారు, వేదికంటూ లేదు, క్వీన్లు స్టూళ్ల మధ్య నుంచే నడిచి వెళ్తారు, గౌను అంచు మీ మోకాలికి తగులుతుంది. అయితే రాత్రి ఆ వీధిలో మెల్లగా నడిచే మనిషిని వెంటబెట్టుకుని వెళ్లమని నేను చెప్పలేను. పైగా ఆ ఊళ్లో ఎటు వెళ్లాలన్నా ఏదో ఒక ఎత్తు ఎక్కాలి.

వారం రోజులుండేలా వచ్చినప్పుడు ఇక్కడికి రండి. ఈసారి బృందం సొంతంగా ఉన్న కాబరే ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరికి వెళ్లండి. షికాగోయే కానక్కరలేదు, పోర్ట్‌లాండ్‌లో డార్సెల్ 15 షోప్లేస్ 1967 నుంచి ఉంది. దాన్ని నడిపిన డార్సెల్ 85వ ఏట ప్రపంచంలోనే అతిపెద్ద వయసు డ్రాగ్ క్వీన్‌గా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కి, 2023లో 92వ ఏట పోయేదాకా ఆ వేదికను వదలలేదు. ఆవిడ లేకపోయినా ఆ షో నడుస్తోంది. కాకపోతే మీరు మూడు షోలు కావాలన్నారు, పోర్ట్‌లాండ్ అంత వైవిధ్యం ఇవ్వలేదు.

మూడుసంచులు

అందరికీ ధన్యవాదాలు. సరిహద్దురేఖ గారు వయసు మాట ఎత్తాక కంగారుగా లెక్క చూసుకున్నాను. మా చెల్లెలికి అక్టోబర్ 6న 21 నిండుతుంది. ప్రయాణాన్ని రెండు వారాలు వాయిదా వేస్తే ఆ చిక్కే ఉండదని ఇంతవరకు మాలో ఒక్కరికీ తోచలేదు. మాంట్రియల్ మాట వినగానే అది ఎగిరి గంతేసింది గాని, వీసా కాగితాలు అంత త్వరగా తేలేలా లేవు. న్యూ ఆర్లియన్స్ మీద నాకే మనసుంది, అయినా కాలిబాటల సంగతి చదివాక మోకాలి స్నేహితురాలు ఫోను పక్కన పెట్టి ఊరుకుంది. కాబట్టి అక్టోబర్‌లో షికాగో అనుకుంటున్నాము.

ఇప్పుడు చివరివరుస గారికి రెండు ప్రశ్నలు. టిప్పు ఎప్పుడు, ఎలా ఇవ్వాలి? రెండోది, హోస్టులు జనంలో ఒకరిని పట్టుకుని ఆటపట్టిస్తారని విన్నాము. మా చెల్లెలు పైకి గడుసుగా కనిపిస్తుంది గాని, నలుగురిలో పేరు పెట్టి పిలిస్తే బిగుసుకుపోతుంది. దాన్ని ఎక్కడ కూర్చోబెట్టాలి?

చివరివరుస

ముందు గుర్తింపు కార్డు సంగతి చెబుతాను, ఎందుకంటే పుట్టినరోజు అయిపోగానే కష్టాలు తీరవు. 21 లోపువాళ్లకు చాలా రాష్ట్రాలు లైసెన్సును నిలువుగా అచ్చువేసి ఇస్తాయి. వయసు నిండినా కార్డు మారే దాకా అది నిలువుగానే ఉంటుంది, తలుపు దగ్గరి మనిషి దాన్ని చూడగానే కనుబొమలు ముడుస్తాడు. పాస్‌పోర్టు కూడా వెంట పెట్టుకోమనండి.

టిప్పు గురించి. ఒక డాలరు నోట్లు ఊరు బయలుదేరే ముందే బ్యాంకులో మార్చుకోండి, బారు దగ్గర అడిగితే మీలాంటివాళ్లు ఇంకో ముప్పైమంది అడుగుతూ ఉంటారు. నోటును పొడవుగా మడిచి, రెండు వేళ్ల మధ్య పట్టుకుని చేయి కొంచెం ముందుకు చాపితే చాలు. ఊపనక్కరలేదు, కేకలు వేయనక్కరలేదు. క్వీన్ పాట ఆపదు. పెదవులు మాట తప్పకుండా కదులుతూనే ఉంటాయి, కళ్లు ఒక్క క్షణం మీ మీద నిలుస్తాయి, నోటు మీ వేళ్లలోంచి జారిన సంగతి మీకు తెలిసేసరికి ఆవిడ తర్వాతి చరణానికి అవతలి బల్ల దగ్గర ఉంటుంది. డబ్బు మీరు చేతికే ఇవ్వాలి. దుస్తుల్లో దోపడం, నడుం పట్టుకోవడం, సెల్ఫీ కోసం పాట మధ్యలో భుజం మీద చేయి వేయడం చేయకూడదు. పెళ్లికి ముందు సరదాకని గుంపుగా వచ్చేవాళ్లు కొందరు వేదిక ఎక్కేస్తారు. హోస్టు నవ్వుతూనే దింపేస్తుంది గాని, ఆ నవ్వులో ఎంత విసుగుందో రెండో వరుసలోవాళ్లకు కూడా కనిపిస్తుంది.

అంత జాగ్రత్త ఎందుకో నాకు ఒకసారి అర్థమైంది. ఒక చిన్న బారులో తొందరగా వెళ్లినందుకు నాకు మేకప్ గది పక్క బల్ల దొరికింది, తలుపు సగం తెరిచి ఉంది. బడిపిల్లలు కాగితాలు అంటించే జిగురుకడ్డీతో ఒకావిడ తన కనుబొమలను నుదుటికి అణిచి, పౌడరు అద్ది, మళ్లీ జిగురు రాసి, మళ్లీ పౌడరు అద్దుతోంది. నుదురంతా నున్నటి గోడలా అయ్యాక, అసలు చోటికి వేలెడు పైన కొత్త కనుబొమ ఒక్క గీతలో గీసింది. నడుముకు రెండు వైపులా స్పాంజి దిండ్లు, వాటి మీద ఒకదాని మీద ఒకటిగా మూడు జతల మేజోళ్లు. రెండు గంటల పని అది. తర్వాత వేదిక మీద ఆవిడ ఉన్నది రెండు పాటలు, అంటే ఎనిమిది నిమిషాలు.

మీ చెల్లెలి సంగతి. హోస్టు కంటికి ముందు ఆనేది వేదిక ముందు వరుస, అంతకంటే ముందు ఆలస్యంగా వచ్చి చీకట్లో కుర్చీ వెతుక్కునేవాళ్లు. అరగంట ముందే వెళ్లి, పక్క బల్లల్లో రెండో వరుస పట్టుకోండి. మోకాలి స్నేహితురాలికి కాలు చాపుకునే చోటూ అక్కడే దొరుకుతుంది. రిజర్వేషను చేసేటప్పుడు మోకాలి మాట చెబితే చోటు చూసి ఇస్తారు. పుట్టినరోజని మాత్రం పొరపాటున కూడా చెప్పకండి. 21 నిండిన వారంలో వచ్చిన పిల్లను వేదిక మీదికి పిలవకుండా వదిలే హోస్టు ఈ భూమ్మీద లేదు.

రాత్రుల వరుస కూడా ముఖ్యమే. శుక్రవారం ప్రయాణపు అలసట ఉంటుంది కనుక ఆ రాత్రి హాల్‌స్టెడ్ మీద బారు షో పెట్టుకోండి, నచ్చకపోతే మధ్యలో లేచి రావచ్చు. శనివారం కాబరే. ఆదివారం బ్రంచ్ చూసి అటునుంచే విమానాశ్రయానికి వెళ్లండి.

వానచినుకు

ఓడిపోయినట్టు ఒప్పుకుంటున్నాను గాని ఒక్క సవరణ. బ్రంచ్ ఆదివారం వద్దు, శనివారం పగలు చూడండి. ఆదివారం బ్రంచ్ సాగిసాగి విమానం గడియారం చూసుకుంటూ తినాల్సి వస్తుంది, అదీగాక శనివారం రాత్రి రెండింటి దాకా మేలుకున్న క్వీన్లే ఆదివారం ఉదయం మళ్లీ ఆ జిగురుకడ్డీ పట్టుకుంటారు. శనివారం వాళ్లు కాస్త నిద్రపోయి వస్తారు.

మూడుసంచులు

వానచినుకు గారి సవరణ ఒప్పుకున్నాము. అక్టోబర్ రెండో వారాంతానికి టికెట్లు తీసుకున్నాము. బెల్మాంట్ స్టేషనుకు నాలుగు వీధుల దూరంలో, లిఫ్టు ఉన్న చోట గది దొరికింది. కాబరేలో పక్క బల్ల, రెండో వరుస అడిగాను, మోకాలి మాట చెప్పగానే ఇచ్చారు. బ్రంచ్ శనివారం పదకొండింటికి. మూడు చోట్లకూ వయసు గురించి రాశాను. రెండు జవాబులు వచ్చాయి, మూడోదానికి రేపు ఫోను చేస్తాను.

పుట్టినరోజు సంగతి ఎవరికీ చెప్పకూడదని అందరం ఒట్టు పెట్టుకున్నాము. మా చెల్లెలు మాత్రం నిన్న వెళ్లి, "21" అని మెరుపు అక్షరాలున్న, భుజం మీదుగా అడ్డంగా వేసుకునే రిబ్బను కొనుక్కుని వచ్చింది.